పండుగ గోళీలు

“మీకు ఎప్పుడైనా ఒక కాలు వాచి, నొప్పి పెట్టి, వేడిగా అయిందా?” అని అడిగింది ఫోను.

కల్పలత చేతిలోని సూదిని పట్టుగుడ్డలో గుచ్చి ఆపింది. ఒకసారి షట్టరు వైపు చూసింది, ఒకసారి ఫోను వైపు చూసింది. ఈ ఆన్‌లైన్ దవాఖానలో తాను అడిగినవి గర్భం రాకుండా వేసుకునే మాత్రలు. అమ్మేవాళ్ళు అమ్మాలి, పంపేవాళ్ళు పంపాలి. మధ్యలో తన కాలితో వీళ్ళకేం పని? పొగ తాగుతారా, తలనొప్పికి ముందు కళ్ళెదుట మెరుపులు మెరుస్తాయా, బిడ్డకు పాలిస్తున్నారా, రక్తసంబంధీకుల్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిందా, బీపీ ఎంత? పెళ్ళిచూపులలో కూడా తననెవరూ ఇన్ని ప్రశ్నలు అడగలేదు.

అడిగేవాళ్ళకు ఏదో కావాలి. ఏమీ అక్కరలేనివాళ్ళు ఇంతగా అడగరు. అది ఆమె నమ్మకం.

నమ్మకానికి కారణమూ ఉంది. పాప పుట్టిన కొత్తలో, పాలు పిండే పంపు ఎంతుంటుందోనని ఆమె ఇంట్లో కూర్చొని ఫోనులో ఒక్కసారి వెతికింది. కొనలేదు, ఎవరికీ చెప్పలేదు. మర్నాటి నుంచి భర్త హరికిషన్ ఫోనులో క్రికెట్ స్కోరుకూ స్కోరుకూ నడుమ పాల పంపులే, రంగురంగుల పంపులే. అతడు తల్లికి చూపించాడు, తల్లి వాడకట్టుకు చెప్పింది, వాడకట్టంతా నవ్వింది. ఆ ఇంటి గోడలకు చెవులు లేకపోయినా ఆ ఇంటి వైఫైకి నోరుందని ఆమెకు ఆనాడే అర్థమైంది. అందుకే ఈ పని ఇంట్లో పెట్టుకోలేదు. మెట్టుగూడలోని తన షాపుకు వచ్చి, షట్టరు సగం దించి, తన సిమ్ముతో, తన డేటాతో, షాపు చిరునామా ఇచ్చి మొదలుపెట్టింది.

షాపంటే ఒక్క గది. గది నిండా మగ్గం. నాలుగు చెక్కల నడుమ బిగించిన పట్టుగుడ్డ, గుడ్డ మీద జర్దోసి తీగ, తీగ వెంట పూస, పూస వెంట పూస. పొద్దున కాళ్ళు మడిచి కూర్చుంటే మధ్యాహ్నం రైలు కూత విన్నాకే లేవడం. శ్రావణంలో పెళ్ళిళ్ళున్నాయి, పెళ్ళికూతుళ్ళ బ్లౌజులున్నాయి, వాటి మీద నెమళ్ళున్నాయి. ఇంకొక్క రెండేళ్ళు చేతులాపకుండా పనిచేయగలిగితే ఈ గది నిలబడుతుంది, తన పేరు నిలబడుతుంది. కాని చిలకలగూడలోని ఇంట్లో అత్త కమలాబాయి రోజుకొకసారైనా అంటున్నది: “పాపకు మూడేండ్లు నిండినయ్. ఇంకొక్కరు రావాలె కదనే.” హరికిషన్ మంచివాడే. తల్లి అన్నదానికీ తలాడిస్తాడు, భార్య అన్నదానికీ తలాడిస్తాడు. జాగ్రత్తగా ఉంటానంటాడు, ఉండడు. పోయిన నెల నెలసరి ఆలస్యమైనప్పుడు, కల్పలత ఆ వారమంతా సూదిలో దారం ఎక్కించలేకపోయింది. మాత్రలు కావాలి. ఇంట్లో తెలియకుండా కావాలి. అంతే.

అన్ని ప్రశ్నలకూ ‘లేదు’ అని నొక్కింది. లేదు, లేదు, లేదు. బీపీ దగ్గర మాత్రం అంకెలు కావాలన్నది ఫోను. టీవీలో విన్న అంకెలు గుర్తుకొచ్చాయి. నూట ఇరవై బై ఎనభై అని రాసి పంపింది.

సాయంత్రానికి పిలుపు వచ్చింది.

“కల్పలత గారేనా అండీ? నేను డాక్టర్ ఇంద్రజ. వీడియో ఆన్ చేస్తారా?”

“వీడియో ఎందుకు మేడం? గోళీలు పంపిస్తే సాలదా?”

“మీరెవరో నేను చూడాలి కదండీ, నేనెవరో మీరూ చూడాలి. నా రిజిస్ట్రేషన్ నంబరు కింద ఉంది, చూసుకోండి.”

తెరమీద నలభై దాటిన ఆడమనిషి, మెడలో సన్నటి గొలుసు, వెనక పుస్తకాల అలమర. ఆ పుస్తకాలు నిజమైనవో, గోడమీద అంటించిన బొమ్మో అని కల్పలత కళ్ళు చికిలించి చూసింది. మనిషి కదిలినప్పుడల్లా వెనక పుస్తకం అంచు కొంచెం కరిగి మళ్ళీ గట్టిపడుతున్నది. బొమ్మే! పుస్తకాలే అబద్ధమైనప్పుడు డాక్టరు నిజమని నమ్మకమేమిటి?

“ఈ బీపీ ఎక్కడ చూపించుకున్నారమ్మా?”

“దవాఖానల.”

“ఏ దవాఖానలో?”

బయట ఆటో ఒకటి ఆగి, కదిలి, వెళ్ళిపోయింది.

“బీపీ చూపించుకోని వాళ్ళందరికీ నూట ఇరవై బై ఎనభయ్యే ఉంటుందండీ,” అన్నది డాక్టరు. నవ్వింది గాని వదలలేదు. “ఏం అనుకోకండి. దగ్గర్లో ఎక్కడైనా చూపించుకుని, మెషీను ఫోటో పంపండి. అప్పుడు మిగతావి మాట్లాడదాం. నేను మిమ్మల్ని ముట్టుకుని చూడలేను కదా. మీరు చెప్పిందే నాకు నాడి.”

ఫోను పెట్టేశాక కల్పలతకు చెవులు వేడెక్కాయి. తనను అనుమానిస్తుందా ఈమె! పుస్తకాల బొమ్మ ముందు కూర్చొని!

కాని మాత్రలు కావాలి. చీకటి పడకముందే షట్టరు దించి బయలుదేరింది.

చిలకలగూడ మలుపులో తిరుమల్ మెడికల్ షాపు ఉంది. అక్కడికి పోకూడదనే అనుకున్నది. తిరుమల్‌కు తన ఇల్లంతా తెలుసు. అయితే తెలియని షాపువాడు బీపీ చూడనన్నాడు, తెలిసినవాడే దిక్కయ్యాడు. ఆషాఢం, బోనాల నెల వచ్చింది. వీధి పొడవునా వేపమండలు కట్టారు, లైట్లు కట్టారు, మైకులో అమ్మవారి పాట ఆగి ఆగి మొదలవుతున్నది.

“ఏందీ వదినా, గప్పుడే బీపీ షురూ అయిందా? పెండ్లికూతుళ్ళు పరేషాన్ చేస్తున్నరా?” అంటూ తిరుమల్ పట్టీ చుట్టాడు.

“ఊకెనే. జెర తల తిరిగినట్టు అయితే చూపించుకుందామని.”

ఈ అబద్ధం ఎక్కడిదాకా పోతుందోనని ఆమె నాలుక చివర కొరుక్కున్నది. మెషీను ఊపిరి పీల్చి, బిగించి, వదిలింది. నూట పద్దెనిమిది, డెబ్బై ఆరు. “ఫస్ట్ క్లాస్,” అన్నాడతడు. ఆమె ఫోటో తీసుకుంటుంటే ఎందుకన్నట్టు చూశాడు. ఈలోగా ఎవరో పెద్దావిడ కౌంటరు మీద చెయ్యి ఆనించి, “తిరుమల్, కోడలికి పండుగ గోళీలియ్యి బిడ్డా. బోనం నాటికే తేదీ పడుతున్నది,” అన్నది. అతడు చూడకుండానే ముందు డబ్బాలో చెయ్యి పెట్టి స్ట్రిప్పు తీసి ఇచ్చాడు. ఆషాఢమంతా ఆ డబ్బా ముందే ఉంటుంది. కోడలి వయసెంత అని అడగలేదు, కాలు వాచిందా అని అడగలేదు. బోనమెత్తే నాటికి నెలసరి అడ్డం రాకూడదు. అడ్డం రాకుండా ఆపే గోళీలవి. వేలాది ఇళ్ళలో పసుపూ కుంకుమలతో పాటు తెచ్చుకుంటారు.

“నీకు సుత ఇద్దామనుకున్న వదినా, కాని మీ అత్తమ్మ మొన్ననే తీస్కపోయింది,” అన్నాడు తిరుమల్. తర్వాత గొంతు తగ్గించి నవ్వాడు. “పెద్దమ్మ ఈసారి కొత్త ముచ్చట అడిగింది. గీ గోళీలతోని కాలు వాస్తదా అని. నేను నవ్విన. ఏండ్ల సంది అమ్ముతున్న పెద్దమ్మా, ఒక్క కాలు సుత వాయలే అన్న.”

కల్పలత చేతికున్న పట్టీ విప్పుకుంటూ ఆగిపోయింది.

కాలు వాస్తుందా? ఫోను అడిగినదీ అదే. అత్త అడిగినదీ అదే.

ఇంటికి నడుస్తున్నంతసేపూ ఆమె అడుగు అడుగుకూ అనుమానం ఒక మెట్టు ఎక్కింది. ఇద్దరికీ ఒకే ప్రశ్న ఎట్లా వచ్చింది? ఫోనులో తాను చూసినదంతా అత్త ఫోనులోకి పాకిందా? పాల పంపులు పాకినట్టు? అత్తకు చదువురాదు గాని వీడియోలు చూస్తుంది. ఏ వీడియోలోనైనా, ఎవరైనా ఆడమనిషి, గర్భం రాకుండా మాత్రలు వేసుకుంటే కాలు వాస్తుందని చెప్పిందేమో. అత్తకు తెలిసిపోయిందేమో. తెలిసీ, తిరుమల్ దగ్గర ఆరా తీస్తున్నదేమో.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ కమలాబాయి కోడలి ముఖంలోకి చూసింది. ముఖం నుంచి చూపు జారి, కాళ్ళ దగ్గర ఆగింది.

“కాలు నొస్తుందానే?”

“లేదత్తమ్మా. ఎందుకు?”

“ఊకెనే అడిగిన.”

ఊరికే ఎవరూ అడగరు. కల్పలత చీర కుచ్చిళ్ళు కిందికి లాక్కున్నది.

నిజానికి ఆ కాలు వాచింది. రెండేళ్ళ కిందట, బోనాల నాడు. పండుగ గోళీలు వేసుకొని, తల మీద బోనమెత్తుకొని, ఉత్తకాళ్ళతో వేడి రోడ్డు మీద డప్పుల వెంట నడిచి, వరుసలో నిలబడి, అమ్మవారికి సమర్పించి ఇంటికొచ్చింది. ఆ తర్వాత ఎడమ పిక్క బిగుసుకున్నది, వాచింది, ముట్టుకుంటే చుర్రుమన్నది. అమ్మవారి బరువు మోసిన కాలమ్మా, ఆ మాత్రం వాయదా అన్నారు ఇరుగుపొరుగు. అది నొప్పి కాదు, మొక్కు అన్నారు. కమలాబాయి ఆముదం రాసి గుడ్డ చుట్టింది. కొన్నాళ్ళకు తగ్గింది. పోయినేడు దగ్గరి బంధువుల మైల వచ్చి బోనమే ఎత్తలేదు. కాలి సంగతి అందరూ మరిచిపోయారు. తానూ మరిచిపోయాననే అనుకున్నది. సాయంత్రాలు మగ్గం ముందు నుంచి లేచేటప్పుడు ఆ కాలే కొంచెం బరువుగా, తనది కానట్టుగా ఉంటుంది. మగ్గం పనిచేసే కాలు, ఉండదా మరి అనుకునేది.

రోగం వేరు, మొక్కు వేరు. ‘లేదు’ అని నొక్కినప్పుడు తాను అబద్ధం నొక్కినట్టు కూడా ఆమెకు అనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తున్నది.

మర్నాడు మధ్యాహ్నం డాక్టరు మళ్ళీ పిలిచింది. షట్టరు సగానికి పైగా దించి, నెమలి మెడ దగ్గర సూది ఆపి, కల్పలత ఫోనును మగ్గం చెక్కకు ఆనించి పెట్టింది.

“ఇది నిజం బీపీ. బాగుంది,” అన్నది ఇంద్రజ. “ఇంతకుముందు హార్మోను మాత్రలు ఏమైనా వాడారా?”

“లేదు మేడం.”

“బోనాలకి గానీ, వ్రతాలకి గానీ, ఎవరి పెళ్ళికైనా గానీ, నెలసరి వాయిదా పడాలని ఏమైనా వేసుకున్నారా?”

“పండుగ గోళీలా?” కల్పలతకు నవ్వొచ్చింది. “అవి మందులా మేడం? అందరేసుకుంటరు.”

డాక్టరు నవ్వలేదు. “అవీ హార్మోనులేనమ్మా. అందుకే ఆ పేరుతో మళ్ళీ అడుగుతాను. మందులు వాడారా అంటే ఎవరూ ఇవి చెప్పరు. వేసుకున్న రోజుల్లో గానీ, ఆ తర్వాత గానీ, కాలు ఏమైనా వాచిందా? ఒక కాలే?”

ఈ ఒక్క మాటకు మాత్రలు వస్తాయి, లేదా రావు. అది ఆమెకు సూదిమొనంత స్పష్టంగా కనబడింది. వాచిందంటే మాత్రలు లేవు. మాత్రలు లేకపోతే మళ్ళీ సూదిలో దారం ఎక్కని ఆ వారం, మళ్ళీ నెల నెలా అదే భయం, ఏదో ఒక నెల ఆ భయమే నిజం. అసలు కాలు గురించే ఈమె ఎందుకు తవ్వుతున్నది? ఎవరు చెప్పారు ఈమెకు?

“లేదు మేడం,” అన్నది కల్పలత.

“అబద్ధం!”

షట్టరు గరగరమని పైకి లేచింది. వెలుతురు లోపల పడింది. వెలుతురులో ఒక చేత టిఫిను డబ్బా పట్టుకొని కమలాబాయి నిలబడి ఉన్నది.

“వాచింది డాక్టరమ్మా. ఎడమ కాలు. పిక్క. నిప్పు లెక్క కాలింది. నా చేతుల్తోని ఆముదం రాసిన, నాకు తెల్వదా?”

కల్పలత ఫోను బోర్లా వేయబోయింది. చేయి పూసల గిన్నెకు తగిలి, పూసలు నేలంతా దొర్లాయి.

“నువ్వెందుకొచ్చినవ్ అత్తమ్మా?”

“షట్టర్ సగం ఏసి నిన్నటి సంది గుసగుసలాడుతున్నవని పక్క షాపోళ్ళు చెప్తే వచ్చిన. తిరుమల్ దగ్గర బీపీ చూపించుకున్నవట. నాకెందుకు చెప్పలే? ఎవనితోని మాట్లాడుతున్నవో అనుకున్న. డాక్టరమ్మతోని అని నాకేం ఎరుక?”

“కల్పలత గారూ,” అన్నది ఫోనులోంచి గొంతు, నెమ్మదిగా, “ఆవిడ ముందు మాట్లాడమంటారా? వద్దంటే ఇప్పుడే ఆపేస్తాను. మీరు నన్నెందుకు సంప్రదించారో నేను ఎవరికీ చెప్పను. చెప్పాలంటే మీరే చెప్పాలి.”

కల్పలత తెరవైపు చూసింది. మాట్లాడమంటారా అని ఇంతవరకు ఆమెనెవరూ అడిగి ఉండలేదు. ఆ పుస్తకాలు బొమ్మే కావచ్చు. అడిగిన మాట మాత్రం బొమ్మ కాదనిపించింది. తలాడించింది.

“కాలు సంగతి మాట్లాడుండ్రి.”

“పెద్దమ్మగారూ, రెండు కాళ్ళూ వాచాయా?”

“గదే కదా నా అనుమానం!” కమలాబాయి డబ్బా కింద పెట్టి మగ్గం మీదికి వంగింది. “బోనమెత్తి నడిచింది రెండు కాళ్ళతోని. నడిచినందుకే అయితే రెండు వాయాలె గద. ఒక్కటే ఎట్ల వాస్తది? అమ్మవారు ఒక్క కాలుకే బరువు పెడతదా? గప్పుడే అనుమానమొచ్చింది. బయటికి అంటే పాపమని నోరు మూసుకున్న. మొన్న గోళీలు కొన్నంక మల్ల గుర్తుకొచ్చింది. తిరుమల్‌ని అడిగితే నవ్విండు. ఆని నవ్వు సుత నాకు నచ్చలే. కొన్నయి కొన్నట్టే దేవుని గూట్ల పెట్టిన. ఇయ్యబుద్ధి కాలే.”

అంటే ఫోను పాకలేదు, వైఫై వాగలేదు. ఈ ముసలామె ఒక్కతే, ఏ వీడియో చెప్పకుండా, తన కాలిని రెండేళ్ళుగా అనుమానిస్తున్నది.

ఇంద్రజ కొంచెంసేపు ఏదో రాసుకున్నది. “అది రక్తం గడ్డే అని నేను చెప్పలేను. కాకపోవచ్చు. కానీ ఆ అనుమానం తీరేదాకా మీరడిగిన మాత్రలు నేను రాయను. పండుగ గోళీలు కూడా వేసుకోవద్దు. ఇప్పుడా కాలు ఎలా ఉంది?”

“పొద్దుమీకితే బరువుగ ఉంటది,” అన్నది కల్పలత. ఆ మాట తన గొంతులోంచి వచ్చినందుకు తానే ఉలిక్కిపడింది.

“అయితే ఆగొద్దు. ఇవాళే కాలి రక్తనాళాలకి డాప్లర్ స్కాన్ చేయించండి, చీటీ పంపుతున్నాను. ఆ రిపోర్టుతో దగ్గర్లో ఉన్న డాక్టరుకి కాలు చూపించండి. ఊపిరాడకపోయినా, ఛాతీలో నొప్పొచ్చినా నాకు ఫోన్ చేయకండి, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి. ఇంకో మాట. మీకు కావాల్సినదానికి ఇదొక్కటే దారి కాదు. హార్మోను లేనివి ఉన్నాయి. రిపోర్టు చూశాక మాట్లాడదాం. మాట్లాడతారు కదా?”

తెర నల్లబడింది. గదిలో పూసలు మాత్రం మెరుస్తున్నాయి. కమలాబాయి వంగి ఒక్కొక్క పూస ఏరుతూ, తలెత్తకుండా అడిగింది.

“ఏ గోళీలే అవి?”

రైలొకటి దూరంగా కూసింది. అబద్ధమాడటానికి చాలినంత సేపు కూసింది.

“బిడ్డ రాకుంట ఏసుకునేటియి. రెండేండ్లు నాకింకో బిడ్డ వద్దత్తమ్మా. గీ షాపు నిలబడేదాక వద్దు.”

“వానికెరుకనా?”

“ఎరుక లేదు.”

“నాకు చెప్తే మింగుతనా నిన్ను?”

“మింగుతవనే అనుకున్న.”

కమలాబాయి పూసలన్నీ గిన్నెలో పోసింది. “కోపమైతే వస్తుంది,” అన్నది. “రాలేదంటే అబద్ధమైతది. లే, కాలు చూపిద్దాం. బిడ్డ ముచ్చట తర్వాత. ఈ ఏడు బోనం నేనే ఎత్తుకుంట. నాకు ఏ గోళీలతోని పని లేదు.”

స్కాన్ సెంటరులో ప్లాస్టిక్ కుర్చీలలో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. మధ్యలో తెరవని టిఫిను డబ్బా. కమలాబాయి చుట్టూ చూసి, గోడమీది డాక్టర్ల ఫోటోలు చూసి, కోడలి చెవిలో అడిగింది.

“గా ఫోన్ల డాక్టరమ్మ నిజం డాక్టరేనా? ఎన్క పుస్తకాలు కదులుతున్నయేందీ?”

కల్పలతకు ఆపుకోలేనంత నవ్వొచ్చింది. నవ్వు పూర్తికాకముందే అత్త ఫోను మోగింది. హరికిషన్. ఇంటికి తాళముందట. ఇద్దరూ ఎక్కడున్నారట, ఏం చేస్తున్నారట.

“కాలు చూపిస్తున్నం,” అన్నది కమలాబాయి. “నీ పెండ్లాందే. ఎడమది. పాప పక్కింట్ల ఉంది, తీస్కో.” అంతే చెప్పి పెట్టేసింది.

అంతే ఎందుకు చెప్పింది? మిగిలినది ఎందుకు దాచింది? దాచి, దేనికి వాడుకుంటుంది? ఇంటికి వెళ్ళాక చెబుతుందా, అసలే చెప్పదా? కల్పలత పక్కకు తిరిగి అత్త ముఖంలో వెతికింది. ఆ ముఖం మూసిన షట్టరులా ఉన్నది. అత్త చూపు మాత్రం మళ్ళీ జారి, తన ఎడమ పిక్క దగ్గరే ఆగి ఉన్నది. ఈసారి కల్పలత కుచ్చిళ్ళు లాక్కోలేదు.

లోపల గది చల్లగా ఉన్నది. బల్లమీద పడుకోబెట్టి, మోకాలి వెనక చల్లటి జిగురు రాసి, ముఖానికి మాస్కు కట్టుకున్న అమ్మాయి తెర తన వైపు తిప్పుకున్నది.

“ఇంతకుముందు ఎప్పుడైనా ఈ కాలు వాచిందా?”

ఎందుకడుగుతున్నావని కల్పలత అడగలేదు. తలుపు వైపూ చూడలేదు.

“వాచింది,” అన్నది. “రెండేండ్ల కింద, బోనాలప్పుడు. పండుగ గోళీలు ఏసుకున్న. ముట్టుకుంటే కాలుతుండె. ఇప్పుడు సుత పొద్దుమీకితే బరువైతది. ఇంకేం కావాల్నో అడుగు చెల్లె, అన్నీ చెప్తా.”